పెళ్ళికి ముందు కౌన్సెలింగ్: ఏం అడుగుతారు, ఎప్పుడు వెళ్ళాలి, నిజంగా ఉపయోగం ఉందా?

తొలిమెట్టు

నమస్కారమండీ అందరికీ. పెళ్ళి కుదిరింది, ఇంకా కొన్ని నెలల వ్యవధి ఉంది. మేమిద్దరం రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. కానీ ఈమధ్య గమనించిందేమిటంటే, మా మాటలన్నీ పెళ్ళి రోజు చుట్టూనే తిరుగుతున్నాయి. ఎవర్ని పిలవాలి, ఏం కట్టుకోవాలి, ఫొటోలు ఎవరు తీస్తారు, ఇవే. ఆ మర్నాటి నుంచి ఎలా బతకబోతున్నామో ఒక్కసారీ అనుకోలేదు. మొన్న తను మాటల్లో మాటగా, వాళ్ళ తమ్ముడు చదువు పూర్తయ్యేదాకా మాతోనే ఉంటాడని చెప్పాడు. ఆ అబ్బాయి ఉంటే నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఆ సంగతి నాకు తప్ప వాళ్ళింట్లో అందరికీ ముందే తెలుసు. అప్పట్నుంచీ ఒకటే ఆలోచన: ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి? నావైపు నుంచి తనకి తెలియనివి ఎన్ని?

పెళ్ళికి ముందు జంటలకి కౌన్సెలింగ్ ఉంటుందని విన్నాను. ఇంట్లో అడిగితే "కొట్టుకునేవాళ్ళు వెళ్ళేది అది, మీకేం వచ్చింది" అన్నారు. తను మాత్రం నువ్వు వెళ్దామంటే వస్తానంటున్నాడు. అక్కడ అసలేం జరుగుతుంది? ఏం అడుగుతారు? ఎవరి దగ్గరికి వెళ్ళాలి? వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే దయచేసి కాస్త వివరంగా చెప్పండి.

గోరింక

మేం వెళ్ళాం. పెళ్ళయి కొన్నేళ్ళవుతోంది, అక్కడ నేర్చుకున్నది ఇప్పటికీ వాడుతున్నాం.

మొదటి రోజు తేలిగ్గానే గడిచింది. ఎలా పరిచయమయ్యారు, ఒకరిలో ఒకరికి ఏం నచ్చింది, ఇలాంటివి అడిగారు. తర్వాత ఇద్దరికీ విడివిడిగా ఒక పెద్ద ప్రశ్నావళి ఇచ్చారు. డబ్బు, పిల్లలు, ఇంటిపని, తల్లిదండ్రులు, నమ్మకాలు, ఖాళీ సమయం, శారీరక సంబంధం, కోపం వస్తే ఏం చేస్తారు, అన్నీ ఉన్నాయందులో. ఒకరి జవాబులు ఒకరు చూడకూడదు. తర్వాతి సెషన్‌లో రెండూ పక్కపక్కన పెట్టి మాట్లాడారు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం పెన్ను సంగతి. కౌన్సెలర్ ఒక పెన్ను ఇచ్చి, ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, రెండోవాళ్ళు విని, విన్నదే తిరిగి చెప్పాలి అన్నారు. పెన్ను తన చేతిలో ఉంది. "వారంలో ఒక పూట నాకు నేనుగా ఉండటం అలవాటు, అప్పుడు ఎవరూ పలకరించకపోతే హాయిగా ఉంటుంది" అంది. ఇప్పుడు మీరు విన్నది చెప్పండి అన్నారు నన్ను. "నాతో ఉంటే తనకి ఊపిరాడదంటోంది" అన్నాను. తను బిత్తరపోయి చూసింది. కౌన్సెలర్ నన్నేమీ అనలేదు, ఇంకోసారి చెప్పమ్మా అన్నారు తనతో. తను మళ్ళీ అదే మాట, కొంచెం నెమ్మదిగా చెప్పింది. నేను మళ్ళీ ఏదో కలిపాను. మళ్ళీ చెప్పించారు. చివరికి "వారంలో ఒక పూట ఒంటరిగా ఉండటం నీకు అలవాటు, అది నీకు బాగుంటుంది" అని ఏమీ కలపకుండా అనగలిగాను. తన మొహం తేటపడటం ఎదురుగా చూశాను. ఒక్క వాక్యం చెవిని దాటి మనసుకి చేరేలోపు ఎంత మారిపోగలదో అప్పుడు తెలిసింది. పెళ్ళయ్యాక ఆ పూట వచ్చిన ప్రతిసారీ నేను ముఖం మాడ్చుకుని కూర్చునే పరిస్థితి అక్కడే తప్పిపోయింది.

ఇంటిపెద్ద

అమ్మా తొలిమెట్టూ, పిల్లల పెళ్ళిళ్ళు చేసినదాన్ని కాబట్టి చెబుతున్నా, ఏమీ అనుకోకు. కొత్తలో అందరికీ చిన్నచిన్నవి ఉంటాయి, కాపురం చేస్తూ చేస్తూ సర్దుకుంటాయి. పెళ్ళి కాకముందే ఎదురెదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే లేని అనుమానాలు పుట్టవా? మా అమ్మాయి ఇలాగే ఎక్కడో చదివి, కాబోయే భర్తని జీతం, అప్పులు అన్నీ అడిగింది. ఆ అబ్బాయి చిన్నబుచ్చుకున్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నారనుకో. పరాయివాళ్ళ ముందు ఇంటి గుట్టు ఎందుకు విప్పాలో నాకైతే అర్థం కాదు.

మాటసాయం

ఇంటిపెద్ద గారూ, మీ భయం చాలామంది తల్లిదండ్రుల నోట వింటూంటాను. జంటలతో, కుటుంబాలతో మాట్లాడటమే నా వృత్తి. ప్రశ్న వేయడం వల్ల అభిప్రాయభేదం పుట్టదండీ, ఉన్నది బయటపడుతుంది. బయటపడేది పెళ్ళికి ముందా, పిల్లలు పుట్టాకా అన్నదే తేడా. మీ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్నే. అయితే అలాంటి ప్రశ్న ఇద్దరి మధ్య ఉన్నట్టుండి వస్తే విచారణలా వినిపిస్తుంది. కౌన్సెలర్ ముందు ఇద్దరికీ ఒకే ప్రశ్న ఒకేసారి వస్తుంది కాబట్టి ఎవరూ నిలదీసినట్టు ఉండదు. మూడో మనిషి ఉండటంలో ఉన్న పెద్ద లాభం నా ఉద్దేశంలో అదే.

తొలిమెట్టు గారూ, గోరింక గారు చెప్పిన క్రమమే దాదాపు అంతటా ఉంటుంది. మొదట ఇద్దరితో కలిపి మాట్లాడతాం. తర్వాత ఒక్కొక్కరితో విడిగా. ఆ విడి మాటలు చాలా ముఖ్యం, ఎందుకో కింద చెబుతాను. ఆ తర్వాత ప్రశ్నావళి, దాని మీద చర్చ, మాట్లాడుకునే పద్ధతుల సాధన. ఇలాంటి ప్రశ్నావళుల్లో బాగా పేరున్నది 'ప్రిపేర్'. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ ఓల్సన్, ఆయన సహచరులు తయారుచేశారు. పెన్ను పట్టుకుని మాట్లాడే పద్ధతి డెన్వర్ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ మార్క్‌మన్, స్కాట్ స్టాన్లీ రూపొందించిన 'ప్రెప్' శిక్షణ వల్ల బాగా వ్యాప్తిలోకి వచ్చింది. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఏదో ఒక రూపంలో ఇవి తగులుతాయి.

జవాబులు కలవకపోతే ఏమిటని అందరూ కంగారుపడతారు. ఆ ప్రశ్నావళి పరీక్ష కాదు, పాస్ ఫెయిల్ లేవు. నేను ఎక్కువ శ్రద్ధగా చూసేది తేడా ఉన్న చోట ఇద్దరూ ఎలా మాట్లాడుకుంటున్నారన్నది. అన్నిట్లో ఏకాభిప్రాయం చూపించే జంట మీదే నాకు కొంచెం ఎక్కువ పని ఉంటుంది. ఒకరు రెండోవారిని బాధపెట్టకూడదని అన్నిటికీ ఊకొడుతూ ఉండవచ్చు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. "మేం పెళ్ళి చేసుకోవచ్చా" అన్న ప్రశ్నకి జవాబిచ్చే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళకండి. అది చెప్పడం మా పని కాదు. మీ ముందున్నది మీకు స్పష్టంగా కనబడేలా చేయడం వరకే మాది. నిర్ణయం పూర్తిగా మీది.

అందుకే ఎప్పుడు వెళ్ళాలన్నది ఎలా వెళ్ళాలన్నదానికంటే ముఖ్యం. శుభలేఖలు పంచేశాక, హాలుకి అడ్వాన్సు కట్టేశాక వచ్చే జంటలు ఉంటారు. వాళ్ళకి నిజం మాట్లాడే చోటు అప్పటికే ఇరుకైపోతుంది. ఏ పెద్ద విషయం బయటపడినా "ఇప్పుడెలా" అని దాన్ని మళ్ళీ లోపలికి తోసేస్తారు. వద్దు అనే వీలు ఇంకా ఉన్నప్పుడు వస్తేనే అవును అన్న మాటకి బలం. మీకు నెలలున్నాయంటున్నారు, ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఎవరిని ఎంచుకోవాలంటే, మనస్తత్వశాస్త్రంలో గానీ, వివాహ కుటుంబ చికిత్సలో గానీ చదువు, శిక్షణ ఉన్నవాళ్ళని. ఫోన్లోనే అడగండి: ఏం చదివారు, జంటలతో ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారు, మేం చెప్పినవి ఎక్కడిదాకా గోప్యంగా ఉంటాయి, విడిగా చెప్పింది రెండోవారికి చెబుతారా. ఈ చివరి ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే వేరే వాళ్ళని చూసుకోండి.

నిగ్గుతేల్చు

మంచి చర్చ. కానీ ఇవన్నీ పనిచేస్తాయనడానికి ఆధారాలు ఎంతవరకు ఉన్నాయో కూడా తెలుసుకుని వెళ్ళడం మంచిది. లేకపోతే ఒక సర్టిఫికెట్ తెచ్చుకుని ఇక మాకేం ఢోకా లేదనుకునే ప్రమాదం ఉంది.

అనుకూలంగా ఉన్నవి ముందు చెబుతాను. 2003లో జేసన్ క్యారల్, విలియం డోహర్టీ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. ఈ శిక్షణ తీసుకున్న సగటు జంట, తీసుకోనివాళ్ళలో 79 శాతం మందికంటే మెరుగ్గా ఉందని తేల్చారు. అయితే ఆ మెరుగుదల కొలిచింది ముఖ్యంగా మాట్లాడుకునే తీరులో, గొడవని నడిపే తీరులో, అదీ ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు. ఆ పైన ఏమవుతుందన్నది వాటిలో తేలలేదు. 2006లో స్టాన్లీ బృందం అమెరికాలోని నాలుగు రాష్ట్రాల్లో మూడు వేల మందికి పైగా పెద్దల్ని సర్వే చేసింది. పెళ్ళికి ముందు శిక్షణ తీసుకున్నవాళ్ళలో విడాకుల అవకాశం 31 శాతం తక్కువగా కనబడింది.

ఇంటర్నెట్ నిండా ఈ 31 దొరుకుతుంది. దాని పక్కన ఉండాల్సిన మాట మాత్రం దొరకదు. అది సర్వే. కౌన్సెలింగ్‌కి తమంతట తాము వెళ్ళేవాళ్ళు మామూలుగానే కాస్త ఆలోచనాపరులై ఉండవచ్చు, బంధానికి ఎక్కువ విలువిచ్చేవాళ్ళై ఉండవచ్చు. పరిశోధకులు చదువు, వయసు లాంటి వాటిని లెక్కలోకి తీసుకున్నా, ఆ తేడా అంతా శిక్షణదే అనలేం.

ఇంకోవైపు, అమెరికా ప్రభుత్వం 'బిల్డింగ్ స్ట్రాంగ్ ఫ్యామిలీస్' అని, బిడ్డ పుట్టబోతున్న లేదా అప్పుడే బిడ్డ పుట్టిన పెళ్ళికాని జంటలకి మాట్లాడుకునే నైపుణ్యాలు నేర్పే పెద్ద కార్యక్రమం ఎనిమిది చోట్ల నడిపింది. ఎవరికి ఇవ్వాలో లాటరీ పద్ధతిలో ఎంచి, మిగతావాళ్ళతో పోల్చి చూసింది. 2010లో వచ్చిన ఫలితాల్లో సగటున తేడా ఏమీ కనబడలేదు. ఒక చోట మేలు కనబడితే, ఇంకో చోట ఫలితాలు మరింత చెడిపోయాయి. అది పేదరికంలో ఉన్న జంటల మీద చేసింది, పెళ్ళి నిశ్చయమైనవాళ్ళ మీద కాదు, నిజమే. అయినా పాఠం ఒకటుంది. ఇల్లు గడవని చోట, ఉద్యోగం లేని చోట మాట్లాడే నైపుణ్యం ఒక్కటే అన్నీ నిలబెట్టలేదు.

వెళ్ళొద్దనడం లేదు. నేను కూడా వెళ్ళమనే చెబుతాను. ఏం ఆశించి వెళ్ళాలో తెలిసి వెళ్ళమంటున్నాను.

మాటసాయం

నిగ్గుతేల్చు గారూ, మీరు చెప్పిన ప్రతి మాటతో ఏకీభవిస్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళకి నేనూ ఇదే చెబుతాను.

ఆశించాల్సింది ఏమిటన్నదానికి ఒక జవాబు. జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్సన్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఎన్నో జంటల్ని ఏళ్ళ తరబడి గమనించారు, మాట్లాడుకుంటుండగా వీడియో తీసి, గుండె వేగం కొలిచి. గాట్‌మన్ తేల్చిందేమంటే, దంపతుల మధ్య వచ్చే గొడవల్లో 69 శాతం ఎన్నటికీ పూర్తిగా తెగనివి. ఒకరికి పొదుపు ప్రాణం, ఒకరికి చేతిలో ఉన్నది ఖర్చుపెడితేనే తృప్తి. ఒకరికి ఇంటినిండా జనం కావాలి, ఒకరికి నిశ్శబ్దం కావాలి. ఇవి స్వభావాలు. పెళ్ళి తర్వాత మారతాడులే, మారుతుందిలే అనుకుని చేసుకున్నవాళ్ళు వీటి దగ్గరే ఇరుక్కుంటారు. చక్కగా ఉన్న జంటలకి కూడా ఇవి ఉంటాయి, వాళ్ళు వాటి గురించి అవమానించుకోకుండా మాట్లాడుకుంటారు, అంతే.

మనిషిని తప్పుపట్టడం, చిన్నచూపు చూడటం, ఎదురుదాడితో సమర్థించుకోవడం, మాటలు బంద్ చేసి గోడలా కూర్చోవడం. ఈ నాలుగూ అలవాటైపోతే ప్రమాదమని గాట్‌మన్ అంటారు. అందులో చిన్నచూపు అన్నిటికంటే చెడ్డది. సెషన్‌లో నేను కళ్ళు తిప్పడం కనబడితే చాలు, పెద్ద మాటలకంటే దాన్నే పట్టుకుంటాను. "నీకేం తెలుసులే" అన్నట్టుండే ఆ చూపు పెళ్ళికి ముందే ఉంటే, దాని గురించి అక్కడికక్కడే మాట్లాడాలి.

ఇంకొకటి, గోడలా కూర్చునేవాళ్ళు చాలాసార్లు పట్టనట్టు ఉన్నవాళ్ళు కాదు. గుండె వేగం నిమిషానికి వంద దాటిపోయి, వినే శక్తే పోయి ఉంటుంది. అప్పుడు వాదన ఆపి, కనీసం ఇరవై నిమిషాలు విడిగా ఉండి, ఎప్పుడు తిరిగి మాట్లాడతామో చెప్పి వెళ్ళాలి. ఆ చివరి ముక్క మరిచిపోవద్దు. చెప్పకుండా లేచి వెళ్ళిపోతే అవతలివాళ్ళకి అది వదిలేసి వెళ్ళడమే.

పాలపిట్ట

అన్నీ మంచిగ చెప్పిన్రు. నాదొక డౌటు. పైసల ముచ్చట ఏడదాక అడగొచ్చు? నాకు ఎడ్యుకేషన్ లోను ఉన్నది, ఇంకా కొన్నేండ్లు కట్టాలె. జీతంల సగం దానికే పోతది. మా ఇంట్ల చెప్పకు అంటున్నరు, పెండ్లి ఆగిపోతదేమో అని భయం వాళ్ళకు. నాకేమో దాచిపెట్టి చేసుకోబుద్ధి అయితలేదు. కౌన్సెలింగ్‌ల చెప్తే మంచిగుంటదా, ముందే ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాల్నా?

గోరింక

పాలపిట్ట గారూ, ముందే మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పండి. కౌన్సెలర్ ముందు మొదటిసారి వింటే, అవతలివాళ్ళకి నలుగురిలో తెలిసినట్టుంటుంది. మా విషయంలో అప్పు లేదు గానీ, కౌన్సెలర్ మా ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి, పెళ్ళయిన మొదటి నెల జీతాలు ఎటు పోతాయో రాయమన్నారు. తన కాగితంలో మొదటి వరస వాళ్ళమ్మకి పంపే డబ్బు. నా కాగితంలో ఆ వరసే లేదు. నా కాగితంలో కారు లోను ఉంది, తన కాగితంలో అది లేదు. రెండూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టాక ఎవరూ ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. ఇద్దరం కలిసి మూడో కాగితం రాశాం. ఎంత డబ్బు దాటితే రెండోవాళ్ళని అడిగి ఖర్చుపెట్టాలన్న హద్దు కూడా అందులోనే పెట్టుకున్నాం.

మలుపు

ఇలాంటి చోట్ల మాలాంటి వాళ్ళ కథ తక్కువగా కనబడుతుంది కాబట్టి రాస్తున్నాను. కౌన్సెలింగ్‌కి వెళ్ళాక మా పెళ్ళి ఆగింది.

అతను మంచివాడే. ఇప్పటికీ అదే అంటాను. చిక్కు పిల్లల విషయం దగ్గర వచ్చింది. నాకు పిల్లలు వద్దు, ఆ మాట పరిచయమైన కొత్తలోనే చెప్పాను. అతను సరేనన్నాడు. ఆ 'సరే'ని ఇద్దరం ఏళ్ళ తరబడి నమ్ముకుని తిరిగాం. సెషన్‌లో కౌన్సెలర్ అతన్ని ఒకటే అడిగారు: "పదేళ్ళ తర్వాత కూడా తన నిర్ణయం ఇదే అయితే, మీరు ఎలా ఉంటారు? ఊహించుకుని చెప్పండి, తొందరేమీ లేదు." చాలాసేపు మాట్లాడలేదతను. తర్వాత ఏడ్చాడు. మారుతుందేమో అనుకుంటున్నానని చెప్పాడు. నాకు కోపం రాలేదు. అతనికి అది అంత లోతుగా కావాలని నాకు అప్పుడే తెలిసింది.

వెంటనే విడిపోలేదు. ఇంకా కొన్నిసార్లు వెళ్ళాం. దత్తత గురించి మాట్లాడాం, వాయిదా గురించి మాట్లాడాం. ఎటు తిప్పినా ఒకరు తమ జీవితంలో పెద్ద భాగాన్ని వదులుకోవాల్సిందే. తేదీ ఇంకా పెట్టలేదు కాబట్టి ఇద్దరి ఇళ్ళలో చెప్పడం కష్టమైనా కుదిరింది. మాటసాయం గారు వద్దు అనే వీలు గురించి రాసింది చదివి ఇది రాయాలనిపించింది. కౌన్సెలింగ్ విఫలమైందని మా బంధువులు అంటారు. నా మట్టుకు నాకు, అది చేయాల్సిన పని సరిగ్గా చేసింది.

డాక్టరమ్మ

గైనకాలజిస్టుని. మాటల కౌన్సెలింగ్‌తోపాటు ఒంటి సంగతి కూడా ఒకసారి చూసుకోమని చెప్పడానికి వచ్చాను.

అన్నిటికంటే ముందు తలసీమియా, అంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే ఒక రక్త జబ్బు. ఇది మోసేవాళ్ళకి పైకి ఏ జబ్బూ ఉండదు, కాస్త రక్తం తక్కువ అని మాత్రం తేలవచ్చు. కానీ ఇద్దరూ మోసేవాళ్ళైతే, ప్రతి గర్భంలోనూ బిడ్డకి పెద్ద జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అలా పుట్టిన పిల్లలకి జీవితాంతం రక్తం ఎక్కిస్తూ ఉండాలి. మామూలు రక్త పరీక్ష, దాంతోపాటు హీమోగ్లోబిన్ రకాలు చూపే పరీక్ష చేస్తే తెలిసిపోతుంది. సైప్రస్ దేశం 1970ల నుంచి దీని మీద గట్టిగా పనిచేసి, పెళ్ళికి ముందే పరీక్ష చేయించుకునే పద్ధతి తెచ్చింది. అక్కడ ఈ జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. ఇద్దరూ మోసేవాళ్ళని తేలితే పెళ్ళి మానుకోవాలని కాదు. గర్భంలోనే పరీక్ష చేసే మార్గాలున్నాయి, ముందే తెలిస్తే ఆలోచించుకునే సమయం ఉంటుంది.

హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షలు ఇద్దరూ చేయించుకోవాలి. ఒకరి మీద అనుమానంతో రెండోవాళ్ళు చేయించేవి కావివి. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళ జీవిత భాగస్వామిని టీకా కాపాడుతుంది. బ్లడ్ గ్రూపు గురించి లేనిపోని భయాలు ప్రచారంలో ఉన్నాయి. ఆమెది నెగెటివ్, అతనిది పాజిటివ్ అయితే గర్భం వచ్చినప్పుడు డాక్టరుకి చెబితే చాలు, ఇంజెక్షన్ ఉంది. ఇద్దరిదీ ఒకే గ్రూపైతే పిల్లలు పుట్టరన్నది అబద్ధం. పిల్లలు త్వరగా కావాలనుకునే ఆడవాళ్ళు రుబెల్లా (గర్భంలో ఉన్న బిడ్డకి హాని చేసే ఒక వైరస్ జబ్బు) టీకా సంగతి ముందే చూసుకోవాలి, ఎందుకంటే అది వేసుకున్నాక కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్ర, రోజుకి 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టడం మంచిది.

ఇక నా దగ్గరికి పెళ్ళయిన ఏడాదికి, రెండేళ్ళకి వచ్చే కొందరు దంపతుల గురించి ఒక మాట. కలయిక జరగలేదనో, ఆమెకి భరించలేని నొప్పనో వస్తారు. అన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోరు, ఒకరినొకరు నిందించుకుంటూ ఉంటారు. కలయిక సమయంలో యోని కండరాలు వాటంతటవే బిగుసుకుపోవడం ఒక వైద్య సమస్య, దానికి చికిత్స ఉంది, చాలామందికి పూర్తిగా నయమవుతుంది. మొదటిసారి నొప్పి, రక్తం తప్పనిసరి అన్న నమ్మకం కూడా సరికాదు. ఇవి మాట్లాడుకోవడానికి సిగ్గుపడేవాళ్ళు కౌన్సెలర్‌తోనో డాక్టరుతోనో విడిగా మాట్లాడండి. పిల్లలు ఎప్పుడు, అప్పటిదాకా ఏ పద్ధతి వాడాలి, అదీ పెళ్ళికి ముందే నిర్ణయించుకుంటే మేలు.

మోడరేటరు

మీ రిపోర్టులు, కౌన్సెలర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. ఒకటి రెండు పోస్టులు ఆ కారణంగానే తీసేశాం.

తొలిమెట్టు

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. గోరింక గారి కాగితం పద్ధతి నిన్న ఇద్దరం చేసి చూశాం. తమ్ముడి ఫీజు తన కాగితంలో ఉంది, నేను ఉద్యోగం మాని రెండేళ్ళు చదువుకోవాలన్నది నా కాగితంలో ఉంది. అది చూసి తను కొంచెంసేపు ఆగి, "ఇది నాకెందుకు చెప్పలేదు" అన్నాడు. అరుచుకోలేదు. అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

కొత్తగాలి

తొలిమెట్టు గారు అదృష్టవంతులు, ఆయన వెంటనే ఒప్పుకున్నారు. నా కాబోయే భార్యకి ఈ మాట ఎత్తితేనే కోపం. "నామీద నమ్మకం లేదా, నాలో ఏదో లోపం ఉందని అనుకుంటున్నావా" అంటోంది. ఎలా చెబితే బాగుంటుంది? ఒకవేళ తను అసలే రాకపోతే నేనొక్కణ్ణే వెళ్ళొచ్చా?

మాటసాయం

కొత్తగాలి గారూ, "మనకి కౌన్సెలింగ్ కావాలి" అని మొదలుపెడితే చాలామందికి "నీలో సమస్య ఉంది" అనే వినబడుతుంది. మీ గురించి మొదలుపెట్టండి. "మా ఇంట్లో డబ్బు సంగతి ఎప్పుడూ అరుపులతోనే తేలేది, నాకు అలా కాకుండా మాట్లాడటం నేర్చుకోవాలని ఉంది, నువ్వు పక్కనుంటే బాగుంటుంది" అనండి, మీ విషయంలో ఏది నిజమైతే అది. ఒక్కసారి వెళ్ళి చూద్దాం, నచ్చకపోతే మానేద్దాం అని చెప్పండి. ఎవరి దగ్గరికి వెళ్ళాలో తనని ఎంచుకోమనండి. ఆడ కౌన్సెలర్ ఉంటే తనకి తేలికేమో అడగండి.

ఒక్కరే వెళ్ళొచ్చు. మీ అంచనాలు ఏమిటి, మీరు ఏది వదులుకోగలరు, ఏది వదులుకోలేరు అన్నది తేల్చుకోవడానికైనా అది పనికొస్తుంది. కానీ అక్కడికెళ్ళి వచ్చి "కౌన్సెలర్ కూడా నాదే రైటన్నారు" అని మాత్రం తనతో అనకండి.

విడిగా మాట్లాడటం ఎందుకు ముఖ్యమో చెబుతానన్నాను. మేం ప్రతి ఒక్కరినీ ఒంటరిగా ఉన్నప్పుడు కొన్ని ప్రశ్నలు అడుగుతాం. అతనంటే, ఆమెంటే ఎప్పుడైనా భయం వేసిందా? చెయ్యి చేసుకున్నారా? ఫోన్ చూపించమని బలవంతం చేస్తారా? ఎవరితో మాట్లాడాలో, ఏం వేసుకోవాలో, జీతం ఎవరి చేతిలో ఉండాలో ఒకరే నిర్ణయిస్తున్నారా? ఈ పెళ్ళి మీకు ఇష్టమేనా, ఇంట్లోవాళ్ళ ఒత్తిడా? పక్కన మనిషి ఉండగా వీటికి నిజమైన జవాబు రాదు. భయం ఉన్న చోట ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడించడం ప్రమాదం కూడా. సెషన్‌లో చెప్పిన మాటకి ఇంటికెళ్ళాక శిక్ష పడవచ్చు. అలాంటప్పుడు జంట కౌన్సెలింగ్ ఆపి, భయపడుతున్నవారి భద్రత ముందు చూస్తాం. పెళ్ళికి ముందు ఒక్కసారైనా చెయ్యి ఎత్తిన మనిషి పెళ్ళయ్యాక మానేస్తాడని నమ్మి ముందుకెళ్ళొద్దు. ఇది చదివేవాళ్ళలో అలా ఎవరైనా ఉంటే, ముందు మీరు నమ్మే ఒక మనిషికి చెప్పండి.

పాలపిట్ట

చెప్పిన. ముందు నారాజ్ అయింది, దాచినవని కాదు, ఇన్ని రోజులు ఒక్కనివే మోసినవని. ఇద్దరం కలిసి లెక్కలేసినం. ఇంట్ల మావోళ్ళకు ఇంకా చెప్పలే.

ఇంటిపెద్ద

ఇవన్నీ కూర్చుని మొత్తం చదివాను. మలుపు అని రాసిన అమ్మాయిది చదివి మనసు బరువెక్కింది. మా చిన్నవాడికి సంబంధాలు చూస్తున్నాం. వాడు వెళ్తానంటే నేను అడ్డం చెప్పను. కానీ ఒకటి అడుగుతాను మాటసాయం గారూ. మేం తల్లిదండ్రులం కూడా రావచ్చా? వచ్చే పిల్ల మాతోనే ఉంటుంది కదా, మా మాట కూడా ఎవరైనా వినాలి కదండీ.

మాటసాయం

తప్పకుండా వినాలండీ. ఒకే ఇంట్లో ఉండబోతుంటే మీరు చెప్పాల్సింది కూడా చాలా ఉంటుంది. అయితే మొదటి సెషన్లు వాళ్ళిద్దరికే వదిలేయండి. ముందు వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావాలి. తర్వాత ఒక సెషన్‌కి వాళ్ళే మిమ్మల్ని పిలిస్తే రండి. అప్పుడు వంటిల్లు ఎవరి చేతిలో, గది తలుపు తట్టి వెళ్ళాలా, ఇంటి ఖర్చులో వాళ్ళ వాటా ఎంత, పిల్లలు పుడితే మీరు ఎంతవరకు చూసుకోగలరు, ఇలాంటివి నేరుగా మాట్లాడుకుంటాం. మనవల్ని చూసుకోవడం మీకు ఇష్టమేనా, ఒంట్లో ఓపిక ఉందా అని మిమ్మల్ని కూడా అడుగుతాను. ఆ ప్రశ్న తల్లుల్ని సాధారణంగా ఎవరూ అడగరు. అబ్బాయి మీ తరఫున మాట్లాడాల్సినవి అబ్బాయే మాట్లాడతాడు, అమ్మాయి తన తల్లిదండ్రుల తరఫున మాట్లాడుతుంది, ఆ పద్ధతి మాత్రం మొదటి నుంచీ పెట్టుకుంటాం. రెండు కుటుంబాలూ వస్తామంటే వేర్వేరు రోజులు అడగండి, అందర్నీ ఒకే గంటలో కూర్చోబెడితే ఎవరి మాటా పూర్తి కాదు.